పట్టాలో పేరు: ఆర్మూరు సీమలో విరాసతు కథ

ఆర్మూరును కన్నులార చూడనివారు సైతము ఆ ఊరి పసుపును ఎరుగుదురు. నవనాథ సిద్ధుల గుట్ట రాళ్ల క్రింద వెలసిన ఆ పట్టణము చుట్టునున్న పల్లెలలో సంక్రాంతి మొదలుకొని శివరాత్రి దాటువరకు కల్లములన్నియు పచ్చగా కనబడును. తొలకరిలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి ఆనాటికి త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపలను ఉడుకబెట్టవలెను, రెండు వారములు ఎండబోయవలెను, మెరుగు పట్టించవలెను, కాడిని, గోళను వేరుచేసి నిజామాబాదు మార్కెటు యార్డుకు చేర్చవలెను. ఇది ఒంటిచేతి సేద్యము కాదు. అన్నదమ్ములు, తోడికోడండ్రు, ఇంటి ఆడపిల్లలు, ముసలివారు అందరును చేయి వేసిననే పంట ఇల్లు చేరును.

ఇందరి చేతులమీదుగా పండిన ఆ పొలమునకు సర్కారు కాగితములో మాత్రము తరతరములుగా ఒక్క పేరే ఉండుచు వచ్చినది. ఆ పేరుగలవాడు గాని, ఆ పేరు వెనుకనున్న భాగస్వాములలో ఒకడు గాని మరణించినపుడు కాగితమును ఎట్లు మార్చిరి, ఎవరి పేరు ఎక్కించిరి, ఎవరి పేరు విడిచిరి అను చరిత్రను ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచితిమి. మా ప్రాంతమున ఈ మార్పును విరాసతు అందురు. ఫౌతి అనియు వాడుక కలదు. రెండును ఉర్దూ కచేరీలనుండి పల్లెలకు దిగివచ్చిన మాటలే. విరాసతు అనగా వారసత్వము. ఫౌతి అనగా మరణమునకు సంబంధించినది. ఈ రెండు మాటలు వినని రైతు కుటుంబము తెలంగాణమున లేదనవచ్చును.

ముందుగా ఉమ్మడి హక్కు ఎక్కడిదో చూడవలెను. 11వ శతాబ్ది చివర, 12వ శతాబ్ది మొదట కల్యాణి చాళుక్య ప్రభువైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అను వ్యాఖ్యను రచించెను. ఆ కల్యాణియే నేటి కర్ణాటకములోని బసవకల్యాణము. 1956 వరకు అదియు ఆర్మూరు వలెనే హైదరాబాదు రాష్ట్రములోని ఊరు. 13వ శతాబ్దిలో కేతన ఆ ధర్మశాస్త్రమును విజ్ఞానేశ్వరీయము అను పేర తెలుగు పద్యములలో పెట్టెను. మితాక్షర సిద్ధాంతము ప్రకారము కొడుకు పుట్టుకతోనే పితరార్జితమునందు భాగస్వామి అగును. పంపకము జరుగువరకు ఎవరి భాగము ఇంత అని వేలు పెట్టి చూపుటకు వీలులేదు. పంపకమునకు ముందే ఒక భాగస్వామి మరణించినచో అతని హక్కు మిగిలి బ్రతికియున్న మగ భాగస్వాములలో కలిసిపోవును. భార్యకు పోషణము, కుమార్తెకు పెండ్లి ఖర్చు మాత్రమే మిగులును.

ఆర్మూరు పట్టణమునను, చుట్టుపట్ల పల్లెలలోను ముస్లిము కుటుంబములు అనేకము కలవు. వారి ధర్మము వేరు. షరీయతు ప్రకారము మనిషి మరణించిన క్షణముననే వారసుల భాగములు ఏర్పడును. సంతానము ఉన్నచో భార్యకు ఎనిమిదవ వంతు. తక్కిన దానిలో కొడుకునకు రెండు పాళ్లు, కూతురునకు ఒక పాలు. అచ్చట బ్రతికినవారిలో కలిసిపోవుట అనునది లేదు. ఇట్లు ఒకే ఊరిలో, ఒకే చెరువు క్రింద, ప్రక్కప్రక్క చేలలో రెండు ధర్మములు నడచుచుండెను. కాని పట్వారీ పుస్తకములో మాత్రము ఇరువురికిని గడి ఒక్కటే.

ఆ గడి ఎట్లు పుట్టెనో తెలిసికొనినగాని తరువాతి కథ తెలియదు. మొదటి సాలార్ జంగు 1853 మొదలు 1883 వరకు హైదరాబాదునకు దివానుగా ఉండెను. అంతకు పూర్వము శిస్తు వసూలును గుత్తకు ఇచ్చుట అలవాటు. గుత్తేదారునకు కావలసినది సొమ్మేగాని పేరు కాదు. 1865లో జిలాబందీ అను ఏర్పాటుతో రాజ్యమును జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జీతగాండ్రైన తహసీల్దారులను నియమించిరి. ఇందూరు జిల్లా అట్టివానిలో ఒకటి. 1905లో అది నిజామాబాదు జిల్లా అయ్యెను. 1870వ దశకమున బొంబాయి రాష్ట్రపు పద్ధతిని అనుసరించి కొలతల శాఖ నెలకొనెను. తరువాతి దశాబ్దములలో గొలుసు పట్టి ప్రతి చేనును కొలిచిరి. ప్రతి చేనునకు ఒక సర్వే నంబరు ఇచ్చిరి. ఎకరములలో, గుంటలలో విస్తీర్ణము వ్రాసిరి. నేలను బట్టి శిస్తు కట్టిరి. దాని కెదురుగ ఒక పేరు వ్రాసిరి. ఆ పుస్తకమే సేత్వారు. నేటికిని తెలంగాణమున భూమి తగాదా వచ్చినచో మూలము వెదకువారు ముందుగా అడుగునది సేత్వారు నకలునే.

ఆ పేరు ఎవరిది? 1317 ఫసలీలో, అనగా క్రీస్తుశకము 1907–08 ప్రాంతమున వెలువడిన హైదరాబాదు భూమి శిస్తు చట్టము దీనికి సమాధానము చెప్పుచున్నది. పట్టాదారు అనగా శిస్తు విషయమున సర్కారుకు నేరుగా బాధ్యుడై, సర్కారు లెక్కలలో ఆ విధముగ పేరు వ్రాయబడినవాడు. భూమి అతని చేతిలో ఉన్నను సరే, శిక్మీదారు చేతిలో ఉన్నను సరే. శ్రోతలు ఈ నిర్వచనమును జాగ్రత్తగా గమనింపవలెను. ఇందు యజమాని అను మాట లేదు; బాధ్యుడు అను మాట ఉన్నది. శిస్తు ఎవరిని అడుగవలెనో తెలియుటకు ఏర్పడిన పేరు అది.

అయినను చట్టము వ్రాసినవారు ఉమ్మడి హక్కును ఎరుగనివారు కారు. పట్టాదారు వలెనే భూమియందు హక్కుగలవానిని, మొదటినుండియు పట్టాదారుతో కలిసి భూమిని అనుభవించుచున్నవానిని శిక్మీదారు అనిరి. పారసీలో శికమ్ అనగా కడుపు. పట్టాదారు పేరు లోపల ఇమిడిన హక్కుదారు అని ఆ మాట భావము. పట్టా ఒకరి పేర, శిక్మీలు మిగిలినవారి పేర వ్రాయించుకొను వీలు ఉండెను. ఆ వీలును ఎందరు వాడుకొనిరి అనునదే అసలు ప్రశ్న.

ఇచ్చట మనము ఒక ఉమ్మడి ఇంటిని ఊహించుకొందము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. ఇట్టివి ప్రతి తాలూకాలో కలవు. కొలతల నాటికి ఆ ఇంట ముగ్గురు అన్నదమ్ములు: పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు. వారికి ఇరువది ఏడు ఎకరములు. బావి క్రింద పసుపు, మక్క. మిగిలిన చేలలో జొన్న. కొలతల వారు వచ్చిననాడు పెద్దవాడు ఎదురేగి, గట్లు చూపి, తన పేరు వ్రాయించెను. అందు మోసము లేదు. ఇంటి పెద్ద అతడే. శిస్తు కట్టువాడు అతడే. తమ్ములు శిక్మీ వ్రాయించుకొనలేదు. అన్న ఎదుట కాగితము అడుగుట వేరు పడుదమనుటతో సమానమని వారు తలచిరి.

కొన్ని ఏండ్లకు పెద్దవాడు మరణించెను. పట్వారీ ఆ సంగతి తహసీలుకు వ్రాసెను. పంచనామా జరిగెను. ఇరుగుపొరుగువారు వేలిముద్రలు వేసిరి. తహసీలునుండి మంజూరు వచ్చెను. పెద్దవాని పేరు కొట్టివేసి అతని కొడుకు పేరు ఎక్కించిరి. నడిపివాడు, చిన్నవాడు ఆనాడు సాయంకాలము కూడ అదే బావి మీద మోట తోలిరి. పొలములో ఏ మార్పును లేదు. కాగితములో మాత్రము ముగ్గురి భూమి ఒక్క కొమ్మలోనికి దిగిపోయెను. పినతండ్రులు తమ భాగమునకు అన్నకొడుకు మాటపై ఆధారపడినవారైరి.

ఆ పంచనామా ఏమి చెప్పెనో వారికి తెలియునా? 1880వ దశకమున హైదరాబాదు కచేరీలలో పారసీ పోయి ఉర్దూ వచ్చెను. ఫైసలు పట్టీ, వసూలు బాకీ, పహాణీ మొదలగు పుస్తకముల పేర్లు ఉర్దూ. అందలి వ్రాతయు ఉర్దూ. తెలుగు మాత్రమే తెలిసిన రైతు, చదువే తెలియని రైతు, తన ఇంటి పేరును గూర్చి వ్రాసినదానిని పట్వారీ చదివి చెప్పిననే వినవలెను. పటేలు, పట్వారీ పదవులు వంశపారంపర్యములు. కనుక ఒక ఇంటి చావుపుట్టుకల లెక్క మరియొక ఇంటి చేతిలో తరతరములుగా ఉండిపోయెను. అందరు పట్వారీలును అన్యాయపరులని మా భావము కాదు. ఇరువది పల్లెలకు సరిపడు సంగతులను నోటిలెక్కగా నిలుపుకొనిన ప్రాజ్ఞులు వారిలో ఉండిరి. కాని ఒక్కరి కలముపై అందరి హక్కును నిలుపుట మంచి ఏర్పాటు కాదు.

పేరు ఒకటి, హక్కు ఒకటి అను ఈ ఎడము తెలంగాణమునకే పరిమితమైనది కాదు. మద్రాసు రాష్ట్రపు రైత్వారీ గ్రామములలో ఉమ్మడి పట్టాలు ఉండెడివి. చిట్టా, అడంగలు కరణము వ్రాసెడివాడు. పట్టాదారు మరణించినపుడు వారసుల పేర్లు ఎట్లు ఎక్కించవలెనో అచటి రెవెన్యూ బోర్డువారి స్టాండింగ్ ఆర్డర్లలో 31వది వివరించెను. వారసుల మధ్య తగాదా తెగనిచో సివిలు కోర్టుకు పొమ్మనుట అచటి రివాజు. సముద్రమునకు ఆవల దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టారెన్స్ మరియొక మార్గము త్రొక్కెను. అతడు తెచ్చిన చట్టము ప్రకారము రిజిస్టరులో పేరెక్కుటయే హక్కు. రిజిస్టరు బయట హక్కును వెదకనక్కరలేదు. మన దేశమున అట్లు కాదు. రెవెన్యూ లెక్కలలో పేరు మారినంతమాత్రమున హక్కు పుట్టదు, మారనంతమాత్రమున హక్కు చావదు అని మన న్యాయస్థానములు అనేక పర్యాయములు చెప్పినవి. ఉమ్మడి హక్కుదారులలో ఒకని స్వాధీనము అందరి స్వాధీనముగనే ఎంచబడును అనియు చెప్పినవి. ఈ రెండు సూత్రములే నడిపివాని సంతతికి, చిన్నవాని సంతతికి మిగిలిన ఆశ.

మరియొక సందేహము శ్రోతలకు కలుగవచ్చును. ఇరువురు కలిసి కొనిన ఆస్తిలో ఒకరు మరణించినచో మొత్తము రెండవవారికే చెందునా? ఆంగ్లదేశపు ధర్మములో అట్టి ఉమ్మడి ఒకటి కలదు. కాని 1896లో ప్రివీ కౌన్సిలు ఆ ఆంగ్ల సూత్రమును ఇచ్చటి హిందువులకు అంటగట్టరాదని తీర్పు చెప్పెను. మితాక్షర ఉమ్మడి కుటుంబమును మినహాయించినచో, కలిసి పుచ్చుకొనిన ఆస్తిలో ఎవరి భాగము వారిదే. ఒకరు మరణించిన ఆ భాగము వారి వారసులకే పోవును. భార్యాభర్తలు ఇరువురి పేర కొనిన ఇల్లును ఇంతే. భర్త పోయినచో మొత్తము ఇల్లు భార్యది అగునని నేటికిని పట్టణములలో పలువురు తలచుచున్నారు. అది పొరపాటు. విల్లు లేనిచో భర్త భాగము భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు, అతని తల్లి జీవించి ఉన్నచో ఆమెకును సమానముగ చెందును.

ఇక హైదరాబాదు కథకు మరలుదము. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1358 ఫసలీ నాటి హక్కుల రికార్డు నిబంధనలను అనుసరించి 1954–55లో గ్రామగ్రామమున ఖాస్రా పహాణీ తయారయ్యెను. ఇందు పట్టాదారు పేరు ఒకచోట, భూమిని నిజముగ అనుభవించుచున్నవాని పేరు మరియొకచోట వ్రాసిరి. మన ఊహాగృహమునకు ఇది మేలు చేసెను. పట్టా గడిలో అన్నకొడుకు పేరు అట్లే ఉన్నను, తొమ్మిది ఎకరములకు ఎదురుగ నడిపివాని పేరు అనుభవదారుగా మొదటిసారి కాగితమెక్కెను. చిన్నవాడు ఆనాడు ఊరిలో లేడు. అతని పేరు ఎక్కలేదు. న్యాయస్థానములు ఖాస్రా పహాణీని మూల హక్కుల రికార్డుగా గౌరవించుచు వచ్చినవి. కనుక ఆ ఒక్కదినపు వ్రాతకు ఎంత విలువ కలదో, ఎక్కని పేరునకు ఎంత నష్టము కలదో ఊహింపవచ్చును.

ఇంతవరకు ఈ కథలో ఆడవారి పేరు రాలేదు. అది మా మరపు కాదు, కాగితముల మరపు. బ్రిటిషు ఇండియాలో 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కుల చట్టము వచ్చి, వితంతువునకు భర్త భాగముపై జీవితకాలపు హక్కును ఇచ్చెను. కాని 1941లో ఫెడరలు కోర్టు ఆ చట్టము రాష్ట్రములలోని వ్యవసాయ భూమికి వర్తింపదని చెప్పెను. ఇంటిలో హక్కు, చేనులో హక్కు లేదు. పసుపు కల్లములో పగలెల్ల వంగి పనిచేసిన ఇల్లాలి స్థితిని దీనితో పోల్చుకొనవచ్చును.

1956 జూను 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చెను. అది మితాక్షర ఉమ్మడిని తీసివేయలేదు. కాని దానిలో ఒక కిటికీ తెరచెను. భాగస్వామి మరణించినపుడు కూతురు, భార్య, తల్లి వంటి వారసురాండ్రు ఉన్నచో, అతడు చనిపోవుటకు ఒక్క క్షణము ముందు పంపకము జరిగినట్లు భావించి, అతనికి రాదగిన భాగమును అందరు వారసులకు సమానముగ పంచవలెను. నడిపివాడు ఆ తరువాత మరణించెననుకొందము. భార్య అంతకు ముందే పోయినది. ఇరువురు కొడుకులు, ఒక కూతురు. తొమ్మిది ఎకరములలో తండ్రికి మూడు, కొడుకులకు తలా మూడు. తండ్రి మూడింటిని ముగ్గురు బిడ్డలు పంచుకొనగా కూతురునకు ఒక ఎకరము, కొడుకులకు తలా నాలుగు ఎకరములు. ముందటి ధర్మము ప్రకారము ఆమెకు ఒక గుంటయు రాదు.

ఈ ఒక్క ఎకరమైన ఆమె పేర ఎక్కెనా? ముందు నడిపివాని తొమ్మిది ఎకరములు అన్నకొడుకు పట్టానుండి వేరు కావలెను. అది జరిగిననే ఆమె ఎకరము మాట. నలువది ఏండ్ల క్రిందట విడిచిన పేరు ఈనాడు ఆమెకు అడ్డుగోడ అయ్యెను. అంతకుమించి పంచనామాలో వారసులను అడిగినపుడు కొడుకుల పేర్లు చెప్పి ఊరకుండుట వాడుక. ఆడపిల్లకు పెండ్లిలో ఇచ్చితిమి కదా అందురు. చట్టము ఢిల్లీలో మారినను పల్లెలో అడుగు ప్రశ్న మారలేదు.

పేరులేమి నష్టము మామూలు దినములలో కనబడదు. అన్నము ఒక్క కుండలో ఉడుకునంతకాలము పట్టా ఎవరిదైన ఒక్కటే. సర్కారు సొమ్ము ఇచ్చుటకు వచ్చిననాడు అది బయటపడును. 1963 జూలై 26న పండిత నెహ్రూ పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. అదియే తరువాతి శ్రీరాంసాగరు. దాని జలాశయము క్రింద నది ఒడ్డు పల్లెల భూములు మునిగెను. భూసేకరణాధికారి పరిహారమునకు మొదట చూచునది రికార్డులోని పేరును. భాగముల విషయమున తగాదా పుట్టినచో దానిని కోర్టుకు నివేదించు వీలు చట్టములో కలదు. కాని నేల మునిగిన తరువాత కోర్టులో భాగము నిరూపించుట, సాక్షులు తలయొక దిక్కు పోయిన తరువాత ఇంకను కష్టము.

1971లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూమి హక్కుల రికార్డు చట్టమును చేసెను. తరువాతి సవరణలతో పట్టాదారు పాసుపుస్తకము దానికి జతపడెను. వారసత్వము వలన గాని, పంపకము వలన గాని హక్కు వచ్చినవారు తొంబది దినములలోపల అధికారికి వ్రాతమూలముగ తెలుపవలెనని, సంబంధము గలవారందరికి నోటీసు ఇచ్చిన పిమ్మటనే పేరు మార్చవలెనని అందు విధించిరి. శిస్తు బాధ్యుని పేరు అను పాత భావమునుండి హక్కుదారు పేరు అను క్రొత్త భావమునకు కాగితము మొగ్గిన ఘట్టమిది. 1984లో వంశపారంపర్యపు పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యెను. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలములు వచ్చెను.

ఆ 1985వ సంవత్సరముననే సెప్టెంబరు 5నుండి మన రాష్ట్రము కూతురునకును పుట్టుకతో భాగస్వామ్యమును ప్రసాదించెను. దేశము మొత్తమునకు ఇది రాకపూర్వము ఇరువది ఏండ్లకు ముందు జరిగినదని మనము గర్వింపవచ్చును. అయితే ఆ తేదీకి పెండ్లియైన కూతుండ్రకు అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9నుండి అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండవలసిన పనిలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చెను. ఇపుడు అట్టి తొమ్మిది ఎకరముల తండ్రి మరణించినచో లెక్క ఎట్లుండును? తండ్రి, ఇరువురు కొడుకులు, కూతురు నలుగురు భాగస్వాములు. తలా రెండుంబావు ఎకరములు. తండ్రి రెండుంబావును ముగ్గురు పంచుకొనగా తలా ముప్పాతిక. మొత్తము మీద ముగ్గురికిని తలా మూడు ఎకరములు. సున్న, ఒకటి, మూడు: ఆడుబిడ్డ హక్కు నడచిన దారి ఈ మూడు అంకెలలో ఉన్నది.

తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత 2017లో రికార్డుల ప్రక్షాళన జరిగెను. 2018లో ఆరంభమైన రైతుబంధు సొమ్ము, రైతుబీమా పాసుపుస్తకమును బట్టి ఇచ్చుటచే, పాత పట్టాలో తాత పేరు నిలిచిన కుటుంబములు ఒక్కసారి మేలుకొనెను. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చెను. అందు వారసులందరు ఉమ్మడిగా ఒప్పుకొని సంతకములు చేసినచో పని త్వరగా జరిగెను. ఒకరు ఒప్పుకొననిచో కోర్టు తప్ప దారిలేకపోయెను. అనుభవదారు గడి క్రొత్త రికార్డులో లేకుండపోయెను. నడిపివాని సంతతికి డెబ్బది ఏండ్లుగా ఆధారమైన గడి అదియే కదా! 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి వారసులకు నోటీసులు ఇచ్చి విచారించు పనిని, పై అధికారులకు అప్పీలు చేసికొను వీలును మరల తెచ్చెను. ఏర్పాటులు మారుచుండును. మారని ప్రశ్న ఒక్కటే: మరణించినవానికి వారసులెవరు?

ఆ ప్రశ్నకు సమాధానము తహసీలులో లేదు, మన ఇండ్లలో ఉన్నది. ఉమ్మడి హక్కుదారు ఒకరు పోయినపుడు కర్మకాండలు ముగిసిన పిమ్మట చేయదగిన పనులను క్లుప్తముగ చెప్పెదము. మరణమును నమోదు చేయించి ధ్రువపత్రము తీసికొనవలెను. ఇరువది ఒక్క దినములలో తెలిపినచో శ్రమ తక్కువ. వంశవృక్షము వ్రాసి అందు కూతుండ్ర పేర్లు, పోయిన కొడుకు భార్యాబిడ్డల పేర్లు విడువక ఎక్కించవలెను. ఎవరైన తమ భాగము వదలుకొనదలచినచో నోటిమాటతో గాక రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజుతో వదలుకొనవలెను. పట్టణములో ఇల్లు ఉన్నచో పురపాలక సంఘపు పన్ను పుస్తకములోను పేర్లు మార్పించవలెను; అదియు పన్నుకొరకు ఏర్పడిన పేరే గాని హక్కుపత్రము కాదని గుర్తుంచుకొనవలెను. పాత పహాణీ, సేత్వారు నకళ్లు ఉర్దూలో ఉన్నను పారవేయరాదు.

పేర్లు వ్రాయించుట వేరు పడుట కాదు. నలుగురి పేర్లు ఎక్కిన పొలమును ఒక్క కాపురముగనే దున్నవచ్చును. అన్నమీద అనుమానముతో గాక అన్న బిడ్డల మేలు కోరియు తమ్ముడు పేరు అడుగవచ్చును. చెల్లెలి పేరును అన్నయే ముందుగ చెప్పవచ్చును. మన ఊహాగృహపు చిన్నవాని మనుమడు నేడు తన తాత భాగమునకై పాత నకళ్లు చేతబట్టి కచేరీ మెట్లు ఎక్కుచున్నాడనిన, అతని తాతకు హక్కు లేక కాదు. నూరేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నము, పెద్దవాడు పోయిన ఇంట, పంచనామా వ్రాయుచుండగా ఇంకను ఇద్దరు తమ్ములు ఉన్నారని ఎవరును చెప్పలేదు.